యానాం నుంచి వచ్చినవాడికి గది

దుర్ముఖి నామ సంవత్సరం, కార్తీక శుద్ధ పంచమి, సాయంకాలం. రాజమహేంద్రవరం, వీధి వసారా. ఉన్నవారు: ఇంటాయన, ఇంటావిడ, ఇంటాయన అక్కగారు, ఎదురింటి మాస్టారు, నేను.

నా డైరీల్లో తెలుగులో రాసిన మొదటి పేజీ ఇలా మొదలవుతుంది. దానికి ముందున్న నాలుగు నెలల పేజీలూ ఫ్రెంచిలో ఉన్నాయి. నిన్న ఆ పుస్తకం మళ్లీ తీయవలసి వచ్చింది. రంగూనులో పుట్టి పెరిగి, ఇక్కడి కాలేజీలో చేరడానికి వచ్చిన కుర్రవాడొకడు మా వీధి గది అద్దెకిస్తారా అని అడిగితే, అతని చేతిలోని పెట్టెకేసి చూస్తూ వరసగా తొమ్మిది ప్రశ్నలు వేసి, రేపు చెబుతానని పంపేశాను. అతను వీధి మలుపు తిరిగాక గాని, ఒకప్పుడు నేనూ అలాగే పెట్టె పట్టుకుని నిలబడ్డానన్న సంగతి గుర్తు రాలేదు.

ఆ రోజుల్లో యానాం అంటే పరాయి దేశమేనని నా ఈడువారికి వేరే చెప్పనక్కర్లేదు. గోదావరి మన గోదావరే, మాట మన మాటే, కాని దొరలు ఫ్రెంచివారు. ఇటువైపు తప్పు చేసి పోలీసులకు దొరకకూడదనుకున్నవాళ్లు పడవెక్కి మా ఊరు చేరేవారు. అందుచేత ఊరి పేరు చెప్పగానే ఇక్కడివారి ముఖాలు మారేవి. మొదటి ఇంటివారు మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టి, యానాం అనగానే గదిలో ధాన్యం పోశామన్నారు; కిటికీలోంచి ఆ గదిలో ఖాళీ నేల నాకు కనిపిస్తూనే ఉంది. రెండో ఇంటి ముసలాయన సూటిగానే అడిగాడు.

“మావాళ్లు ఇక్కడ తప్పు చేసి అక్కడికి పారిపోతారు. నువ్వు అక్కడేం చేసి ఇక్కడికొచ్చావు బాబూ?”

ఊళ్లో ఒక గృహస్థు ఇంట్లో ఉంటున్నట్టు చూపకపోతే కాలేజీలో పేరు కొట్టేస్తామన్నారు. గది దొరక్క తిరిగి వస్తే చదువు మాట మరిచిపోయి రేవులో పని చూసుకోమని మా నాన్నగారు ముందే చెప్పారు. చివరికి కోర్టులో సాక్షుల వాంగ్మూలాలు రాసి రిటైరైన ఒక గుమస్తాగారు, పగటిపూట తలుపు గడియ వేయకూడదన్న షరతు మీద, భోజనంతో సహా తమ వీధి గది ఇచ్చారు. పరాయి దేశం వాడికి మజ్జిగ చాలునని ఆయన అక్కగారు మొదటిరోజే తీర్మానించారు.

చదువుకున్న బడిలో అలవాటైన భాష కనుక నేను రోజూ పొద్దు వాలే వేళకు డైరీ ఫ్రెంచిలో రాసుకునేవాణ్ణి. అక్కగారు గుమ్మంలోంచి చూసేవారు. నేను ఒకసారి తలెత్తి వాళ్ల ఇంటిని చూసి మళ్లీ రాసుకోవడం ఆవిడకు ఎంతమాత్రం నచ్చలేదు. ఇక్కడి సంగతులన్నీ ఫ్రెంచి దొరలకు చేరుతున్నాయని వీధిలో అనుకోవడం మొదలైంది. పంచమినాడు ఇంటాయన నన్ను వసారాలోకి పిలిచి, మాస్టారిని సాక్షిగా కూర్చోబెట్టి, పుస్తకం తెచ్చి అందులో ఒక పేజీ తెలుగులో చెప్పమన్నారు. ఫ్రెంచి ఎవరికీ రాదు కదా, ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చనుకున్నాను. కాని ఆయన నలభై ఏళ్లు అబద్ధాలు విన్న మనిషి. నేను చెప్పిందంతా కాగితం మీద రాసుకుని, మాస్టారితో కబుర్లాడి, మళ్లీ అదే పేజీ తెరిచి మొదట్నుంచీ చెప్పమన్నారు. చెప్పినంతవరకూ ఉన్నదే చెప్పాను కనుక రెండుసార్లూ ఒక్కటే వచ్చింది. అప్పుడాయన పేజీ మీద వేలు పెట్టారు.

“ఇక్కడ ఇరవై వరసలున్నాయి. నువ్వు చెప్పింది పదిహేడుకి సరిపోయింది. తక్కిన మూడూ ఏవిటి?”

ఆ మూడు వరసలూ చెబితే నాకు గది నిలుస్తుంది, ఒకరికి మాట వస్తుంది.

“చెప్పడు. ఎందుకు చెబుతాడు? నేను ముందే అన్నాను, వింటేనా!” అన్నారు అక్కగారు.

గుమ్మంలో నిలబడిన ఇంటావిడ నెమ్మదిగా అంది. “నేను చెబుతానుండండి. వదినగారు మజ్జిగే పొయ్యమన్నా, అన్నం కింద మీగడ పెరుగు దాచి పెడుతున్నాను. అదే రాసుంటాడు, పిచ్చి సన్నాసి. ఏం అబ్బాయ్, అంతేనా?”

నేను తలూపాను.

“ఎన్నాళ్లనుంచీ?” అన్నారు ఇంటాయన.

“మొదటిరోజు నుంచీనండి,” అందావిడ.

మాస్టారు పగలబడి నవ్వారు. “ఊరంతా వెతికారు గాని, ముద్దాయి మీ వంటింట్లోనే ఉందండీ గుమస్తాగారూ!”

అక్కగారు లేచి లోపలికి వెళ్లిపోయారు. ఇంటాయన పుస్తకం నా చేతికిచ్చి, సంగతి రేపు చూద్దామన్నారు. నేను పెట్టె సర్దుకున్నాను.

ఇప్పుడు గది అద్దెకిస్తాం, భోజనం హోటల్లో చేసుకోమంటాం, లోపలివాడు ఏ భాషలో ఏం రాసుకుంటున్నాడో ఎవరికీ పట్టదు. వాళ్లు నన్ను నాలుగు నెలలు అనుమానించారు, ఆ నాలుగు నెలలూ రెండు పూటలా అన్నం పెట్టారు. అంత దగ్గరగా వచ్చి అనుమానించే తీరిక మాకు లేకపోయింది.

మరునాడు ఉదయం పెట్టె వసారాలో పెట్టి సెలవు తీసుకుందామని నిలబడ్డాను. మడిచీరతో అక్కగారు వచ్చి, ఆ పెట్టె గదిలో పడేసి కాళ్లు కడుక్కు రమ్మన్నారు. విస్తట్లో అన్నం మీద, అందరికీ కనిపించేలాగ, మీగడ పెరుగు వేశారు.

“చూస్తావేం? ఇదీ రాసుకో. కాస్త మాకు తెలిసే భాషలో రాసి ఏడువు.”