కింది ఇంట్లో ఆడిన మా అత్త వీడియోలు

పోయిన ఆదివారం ఫోన్లోని ఫొటో ఒకటి మా కొత్త టీవీలో చూద్దామని నొక్కితే, ఏ టీవీకి పంపాలో చెప్పమంటూ జాబితా వచ్చింది. మా హాలు టీవీ, మా పడగ్గది టీవీ, వాటి కింద మాకు తెలియని పేరొకటి, 'అమ్మ గది టీవీ' అని. ఖాజాగూడలో ఇరవై అంతస్తుల అపార్ట్‌మెంటు మాది. ఏ ఫ్లోరులో ఏ అమ్మ గదో ఎవరికి తెలుసు? మా ఆయన ముఖం మాత్రం వెలిగిపోయింది. "నొక్కి చూద్దామా? వెళ్తుందేమో" అన్నాడు. నేను ఫోన్ లాక్కుని, "ఒకసారి అయింది చాలదా?" అంటే, "ఏమయింది?" అని అమాయకంగా అడిగాడు. మహానుభావుడు మరిచేపోయాడు! నాకు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. మణికొండలో పై అంతస్తులో మేం కిరాయికి ఉండేవాళ్ళం, కింద ఇంటివాళ్ళు. వాళ్ళది ఆ ఊరే, మాది కడప వైపు. మేమిద్దరం హైటెక్ సిటీలో ఉద్యోగాలకు పోతే పగలంతా ఇంట్లో మా అత్త ఒక్కతే. ఆమెకు ఈ ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క తోడు కింది ఇంటావిడ. ఒకరినొకరు "వదినా" అంటే "వదినె" అనుకుంటూ, మెట్ల మీద కూర్చుని ఆకుకూరలు వలిచేవాళ్ళు. మా అత్త నూరిన ఊరిమిండి పచ్చడి కిందికి దిగేది, ఆమె కాల్చిన సర్వపిండి పైకెక్కేది. ఒకరి భాషకు ఒకరు నవ్వుకోవడం కూడా రోజూ ఉండేదే.

ఆ రోజుల్లోనే మా ఆయన గేమ్ ఆడే డబ్బా ఒకటి కొనుక్కొచ్చాడు. ఆటలకు కాదట. పడగ్గదిలో కంప్యూటర్లో ఉన్న సినిమాలు, పెళ్ళి వీడియోలు, అన్నీ నెట్‌వర్క్ మీద ఆ డబ్బాలోకి వచ్చి హాల్లో టీవీలో ఆడతాయట. ఆడాయా అంటే, ఏం చెప్పమంటారు! ముందు కంప్యూటర్ ఆన్ చేయాలి, అందులో ఒక ప్రోగ్రాం తెరవాలి, హాల్లోకొచ్చి డబ్బా ఆన్ చేయాలి, అది వెతకాలి, వెతికి దొరకలేదనాలి, ఈయన మళ్ళీ పడగ్గదిలోకి పరుగెత్తాలి. బొమ్మ వస్తే మాట రాదు, మాట వస్తే బొమ్మ రాదు, రెండూ వచ్చాయంటే కరెంటు పోతుంది. "అయ్యా సామీ, పెన్ డ్రైవ్ తీసుకొచ్చి టీవీకి గుచ్చితే పోదా?" అంటే, "దాంట్లో గొప్పేముంది?" అనేవాడు. పప్పు చల్లారిపోయేది, నా ఆకలి చచ్చిపోయేది, డబ్బా మీద గుండ్రటి గుర్తు మాత్రం తిరుగుతూనే ఉండేది.

పైగా తన విద్యను ఊరికే పంచిపెట్టాడు. మా డబ్బా చూసి ఇంటాయన కూడా అలాంటిదే కొన్నాడు, టీవీలో క్రికెట్ ఆడుకోవడానికి. యాభై దాటిన మనిషి, బ్యాటు తగలకపోతే చిన్నపిల్లాడిలా అలిగేవాడు. ఆయన డబ్బా బిగించిందీ మా ఆయనే. రెండిళ్ళకు ఇంటర్నెట్ ఒక్కటే కదా అని, కింది ఇంటర్నెట్ పెట్టె నుంచి బాల్కనీ మీదుగా పైకి వైరు లాగిందీ ఆయనే. ఆ వైరులో ఏమేం పారతాయో ఆలోచించనిదీ ఆయనే.

ఇక మా అత్త సంగతి. పుణేలో ఉన్న మా ఆడబిడ్డకు ఫోన్లో మాట్లాడే తీరిక ఉండదు. అందుకని మధ్యాహ్నాలు కిటికీ పక్కన కెమెరా పెట్టుకుని, కూతురు ఎదురుగా ఉన్నట్టే అత్త అరగంట మాట్లాడేది. మా ఆయన దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి పుణేకు పంపేవాడు. వంటలు, మోకాళ్ళ నొప్పులు, నా మీద చాడీలు, అన్నీ అందులోనే. పాపం, ఆమెకు గుండె దిగులు తీర్చుకునే చోటు అదొక్కటే.

ఒకరోజు చౌరస్తాలో ఉద్యమంవాళ్ళ వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే తిని నిరసన తెలపడం. కింది ఇంటావిడ గులాబీ కండువా వేసుకుని పోయి, సాయంత్రం వస్తూ స్టీలు డబ్బాలో పులిహోర తెచ్చి మా అత్త చేతిలో పెట్టింది. అత్త తిన్నది. తిని మర్నాడు మధ్యాహ్నం కెమెరా ముందు కూర్చుని కూతురికి చెప్పింది: "తెలంగాణ వస్తే మనల్ని ఖాళీ చేయిస్తారంట. మనల్ని పొమ్మని వండిన అన్నం తెచ్చి మనకే పెట్టింది చూడు. దాంట్లో ఉప్పు గూడా లేదు."

ఆ వారం నుంచి కింది ఇంటావిడ పైకి రావడం మానేసింది. మెట్ల మీద ఎదురైతే తల తిప్పుకుంది. మా అత్తకు కారణం తెలియదు. అన్నం సగంలో వదిలేసి, "ఖాళీ చేయమనేదానికే మాట్లాడటం లేదేమో. ఈ వయసులో ఇంగో ఇల్లు యాడ వెతుక్కునేది? ఇంగో వదిన యాడ దొరుకుతుంది?" అని కళ్ళు తుడుచుకునేది. చూడలేక నేనే కిందికి పోయి అడిగాను. ఇంటాయన రిమోట్ పట్టుకుని, "జర కూసో బిడ్డా" అన్నాడు. ఆయన డబ్బాలో ఆటల జాబితా పక్కనే మా ఆయన పేరు! నొక్కితే మా పెళ్ళి, మా తిరుపతి ప్రయాణం, కిటికీ పక్కన పులిహోర సంగతి చెబుతూ మా అత్త. "మొదట్ల అక్క టీవీల పడ్డదనుకొని సంబురపడ్డం" అన్నాడాయన మెల్లగా. ఆవిడ వంటింట్లోంచి రాలేదు. సిగ్గుతో చచ్చాననుకోండి.

పైకొచ్చి మా ఆయన్ను దులిపేశాను. ఆయన తాపీగా, "ఒకే లైను మీద ఉంటే కనబడుతుంది. అది తప్పు కాదు, సౌకర్యం" అన్నాడు. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. నా నోటికి జడిసి ఆ సాయంత్రమే మధ్యలో ఇంకో పెట్టె బిగించి, కిందికి ఏమీ కనబడకుండా చేశాడు.

అత్తకు విషయం చెప్పక తప్పలేదు. మర్నాడు బంద్, అందరం ఇంట్లోనే ఉన్నాం. పొద్దున్నే అత్త మంచి చీర కట్టుకుని, "కెమెరా ఇయ్యి. ఆయమ్మ మొగం చూసి చెప్పలేను. దీంట్లో చెప్తా, కిందికి పంపించు" అంది. తలుపేసుకుని ఏదో రికార్డు చేసింది. తీరా పంపబోతే, కిందికి పోదు! మా ఆయన నిన్న బిగించిన పెట్టె పీకాడు. పోదు. వైరు మార్చాడు. పోదు. కింద ఇంటాయన "కనవడ్తలేదు" అని అరుస్తాడు, ఈయన పైనుంచి "మళ్ళీ వెతకండి" అంటాడు. చూడకూడనివన్నీ నెల రోజులు నిక్షేపంగా ఆడిన డబ్బా, ఆడాల్సిన ఒక్కటి ఆడనంది. రెండు గంటలయ్యాక మా అత్త లేచింది. "నీ డబ్బా నువ్వే ఉంచుకో నాయనా" అని మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లు దిగింది.

భయంతో నేనూ వెనకే దిగాను. అప్పటికే కేకలు మొదలయ్యాయి.

"పొమ్మని నేనన్ననా వదినె? నా నోటితోని అన్ననా?"

"నువ్వనలా. నాకే భయమేసింది. భయమేస్తే ఎవురికి చెప్పుకునేది?"

"నాకు చెప్పొద్దా? రాష్ట్రం మాకు గావాలె. అది వేరు. నిన్ను పొమ్మంటే నేనెవరితోని మాట్లాడాలె?" అని ఆవిడ ఏడ్చింది. ఏడుస్తూనే, "ఉప్పు నేనెయ్యలే. మా తోడికోడలేసింది. గా మాట మీ బిడ్డకు చెప్పు ముందు" అంది.

రాష్ట్రం వచ్చింది. ఆ తర్వాత కూడా నాలుగేళ్ళు ఆ ఇంట్లోనే ఉన్నాం. అత్త పోయి ఇప్పుడు మూడేళ్ళు.

మొన్నటి జాబితా చూశాక మనసాగక, పాత డిస్కులో ఆ రోజు కిందికి పోని ఫైలు వెతికాను. కంప్యూటర్లోనే పెట్టుకుంటే వెంటనే ఆడింది. మంచి చీరలో మా అత్త. "వదినా" అంది. అంతే, ఇంకొక్క మాట లేదు. ఫ్యాను చప్పుడు, కింద ఇంటావిడ ఎవరినో కేకలేస్తున్న గొంతు. మా అత్త కెమెరా వైపు చూడటం మానేసి, కిటికీ వైపు తల తిప్పి ఆ గొంతే వింటూ కూర్చుంది. నాలుగు నిమిషాల వీడియో, చూడటానికి నాకు సాయంత్రమంతా పట్టింది.