గ్రాఫిక్స్ కార్డుకి మొదటి నీళ్ళు

మా బావ వీర్రాజు చేతికి ఏ వస్తువొచ్చినా ముందు దాని మూత ఎక్కడుందో వెతుకుతాడు. కొత్త మిక్సీ కొంటే తిరగేసి స్క్రూలు చూస్తాడు. నా పెళ్ళికి అత్తారు పెట్టిన వాచీని అందరి ముందూ వెనక్కి తిప్పి, "దీన్ని విప్పడానికి లేదేటిరా ఉమామహేష్?" అని అడిగాడు. లేదంటే, "అయితే ఇది నీది కాదు" అనేసి చేతిలో పెట్టాడు. నాకు అసలే కోపం ఎక్కువ. మా అక్క సూర్యకళ మొహం చూసి ఊరుకున్నాను గాని, లేకపోతే ఆ రోజే తగువైపోయేది.

బావది ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఇంజన్లు బాగుచేసే పని. సీలు వేసి వచ్చిన సరుకంటే అతనికి పడదు. దానికి కారణముంది. అతనికి గోపి అని తమ్ముడుండేవాడు. చాలా ఏళ్ళ కిందట వాళ్ళ బోటుకి కొత్త ఇంజను బిగించారు. కంపెనీ మనిషి సీలు వేసి, ఎవరూ విప్పకూడదు, విప్పితే గ్యారంటీ పోతుందని చెప్పి వెళ్ళాడు. మొదటి వేటకే నడిసముద్రంలో అది వేడెక్కి ఆగిపోయింది. ఇంజను విప్పడానికి లేక, బోటు అడుగున తిరిగే పంకాకి వలేమైనా చుట్టుకుందేమో చూద్దామని గోపి నీళ్ళలోకి దూకాడు. మరి పైకి రాలేదు. మిగతావాళ్ళు వేరే బోటు పట్టుకుని ఒడ్డుకొచ్చారు. ఇంజను ఎందుకు ఆగిందో మాకెవరికీ ఇవాళ్టికీ తెలియదు. కంపెనీవాళ్ళు దాన్ని పట్టుకుపోయారు, అంతే.

ఇక అసలు విషయానికొస్తాను. బావ కూతురు ఆశ పరవాడలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగు పని చేసేది. ఆ పొడికి దగ్గు పట్టుకుంది. నిద్రలో కూడా దగ్గేది పాపం. మానేసి, కంప్యూటర్లో బొమ్మలు కదిలించే పని నేర్చుకుంది. ఇంకా కట్టని ఇంట్లో మనం నడుస్తున్నట్టు వీడియో చేస్తారు చూడండి, అది. ద్వారకా నగర్లో ఒక స్టూడియోవాళ్ళు పరీక్షగా ఒక పని ఇచ్చారు. సోమవారం పొద్దున్నకి వీడియో పంపితే ఉద్యోగం ఖాయం. పంపకపోతే మళ్ళీ పరవాడ బస్సే.

పిల్ల పని బాగానే చేస్తోంది. కంప్యూటరే మాట వినడం లేదు. పెదజాలారిపేటలో వాళ్ళ ఇల్లు రేకుల ఇల్లు. మే నెల ఎండకి ఆ గదిలో మనిషే ఉడికిపోతాడు. వీడియో సగంలోకి రాగానే కంప్యూటరు ఠపీమని ఆరిపోతోంది.

"బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు వేడెక్కిపోతన్నాది మావయ్యా. దాని ఫ్యాన్లు సాలట్లేదు. నీళ్ళతో సల్లార్సే కార్డులుంటాయి" అంది ఆశ.

"నీళ్ళా? కరెంటు దాంట్లో నీళ్ళేటే గుంటా, నీకేటైనా పిచ్చా?" అన్నాను నేను.

అదిగో, అక్కడ మొదలైంది నా బుర్ర తిరగడం. అలాంటివి రెండు రకాలట. కార్డుతో పాటు నీళ్ళ గొట్టాలు, పంపు, జల్లెడలాంటి రేడియేటరూ కంపెనీలోనే బిగించి, నీళ్ళు కూడా పోసి మూసేసి అమ్మేది ఒకటి. ఉన్న కార్డుకే ఫ్యాన్లు పీకేసి, సామాను కొనుక్కుని మన చేతులతో బిగించుకునేది ఇంకోటి. ఆశ మొదటిదే కావాలంది. నాకూ అదే మంచిదనిపించింది. మా బావ మాత్రం మూసేసి అన్న మాట వినగానే లేచి బయటికి పోయాడు.

మర్నాడు ముగ్గురం ద్వారకా నగర్ వెళ్ళాం. మొదటి షాపులో కార్తీక్ అనే కుర్రాడు, "కంపెనీ బిగించిందే తీసుకోండి సార్, లీకు భయం ఉండదు, గ్యారంటీ ఉంటాది" అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. వెంటనే, "కాకపోతే పంపు పోతే మొత్తం కార్డు పోయినట్టే, లోపల క్లీన్ చెయ్యలేం" అన్నాడు. మరి మనం బిగించుకుంటే? "అది బెస్ట్ సార్, ఎప్పుడైనా విప్పుకోవచ్చు. కాకపోతే ఫ్యాన్లు పీకితే ఉన్న గ్యారంటీ కూడా పోతాది, నీళ్ళు కారితే మీదే బాధ్యత." పక్క షాపులో అడిగితే ఇదే సంగతి తిరగేసి చెప్పాడు. ఫోన్లో వీడియోలు చూస్తే ఒకడు అది గొప్పంటాడు, ఇంకొకడు ఇది గొప్పంటాడు.

"ఏది మంచిదో ఒక్క ముక్క సెప్పండి బాబూ! నాను పోర్టులో క్రేను తోలుకునేవోణ్ణి, నాకీ గోలేటి?" అని కార్తీక్ మీద అరిచేశాను. పాపం వాడు మంచినీళ్ళ సీసా ఇచ్చాడు.

మా బావ అసలు కౌంటరు దగ్గరే లేడు. అద్దాల బీరువాలో ఉన్న రాగి పలకని చూస్తున్నాడు. కార్డు మీద కూర్చునేది అదే. లోపల దువ్వెన పళ్ళకంటే సన్నటి గాడులు, వాటి మధ్యలోంచి నీళ్ళు పారి వేడిని లాక్కుపోతాయట. "దీన్ని విప్పొచ్చా?" అని అడిగాడు. విప్పొచ్చన్నాడు కార్తీక్. "అయితే ఇదే" అన్నాడు బావ.

ఆశ నా వైపు చూసింది. కంపెనీ బిగించింది ఆర్డరు పెడితే వచ్చేసరికి సోమవారం దాటిపోతుందని తేలింది. ఇంక మాట్లాడడానికేముంది. కిట్టు కొన్నాం. ఆశ నీలం రంగు నీళ్ళు అడిగితే స్టాకు లేదని పసుపుపచ్చ సీసా ఇచ్చాడు.

ఇంటికొచ్చాక బావ గొట్టాలన్నీ చాప మీద పరుచుకుని చాలాసేపు అలా చూస్తూ కూర్చున్నాడు.

"బోటు ఇంజన్లో లోపలి నీళ్ళని సల్లార్సడానికి బయట సముద్రం ఉంటాది. దీనికి సముద్రమేదే?" అని అడిగాడు కూతుర్ని.

"ఫ్యాను గాలే నాన్నా."

"గదిలో గాలే మరిగిపోతన్నాది కదే. వేడి ఎక్కడికెల్తాది?"

ఆశ కిటికీకేసి చూసింది. నాకు అసలు ప్రశ్నే అర్థం కాలేదు. ఆఖరికి రేడియేటరుని కిటికీ దగ్గర పెట్టారు, సముద్రం వైపు.

అప్పుడు బావ తల్లి గంగాలమ్మ అత్త రాగి చెంబు పట్టుకుని వచ్చింది. వాళ్ళింట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఇంజను కొత్తదైతే మొదటి నీళ్ళు ఇంటి పెద్దావిడ పోయాలి, పసుపు కలిపి.

"అమ్మా, ఇది బోటు కాదు. ఇందులో షాపోడిచ్చిన నీళ్ళే పొయ్యాల. కావాలంటే పైన బొట్టెట్టుకో" అన్నాడు బావ.

"నీళ్ళెల్తాయి కాదేటిరా ఇందులో?"

"ఎల్తాయి. గాని ఒగ్గేయమ్మా."

వదిలెయ్యమన్నాడు కదాని ఆవిడ పెట్టెకి బొట్టు పెట్టి వెళ్ళిపోయింది.

బావ బిగింపు చూసి తీరాలి. ప్రతి జాయింటుకీ టిష్యూ కాగితం చుట్టి, కార్డుకి కరెంటివ్వకుండా ఆ పగలంతా పంపు ఒక్కటే తిప్పాడు. కాగితం తడవలేదు. ఆశ వీడియో మొదలుపెట్టింది. కంప్యూటరు చప్పుడే లేదు. పిల్ల ఎగిరి గంతేసి తండ్రిని పట్టుకుంది. బావ సిగ్గుపడిపోయాడు. గాలి బుడగలు పోయే కొద్దీ నీళ్ళ మట్టం కొంచెం దిగుతుంది. పొద్దున్నే సీసాలోంచి కాస్త పోసి, సీసాని దేవుడి గూట్లో పెట్టేవాడు.

ఆదివారం ఉదయం అక్క ఫోన్ చేసి ఏడ్చింది. పరిగెత్తుకెళ్ళాను. కంప్యూటరు మళ్ళీ ఆరిపోతోంది. ఇంతకు ముందుకంటే తొందరగా ఆరిపోతోంది. వీడియో ఇంకా చాలా ఉంది.

కార్తీక్‌కి ఫోన్ చేస్తే పంపు పోయుంటుందన్నాడు. పంపు తిరుగుతోంది. కార్డుకీ రాగి పలకకీ మధ్య రాసే పేస్టు సరిగ్గా రాయలేదేమో అంది ఆశ. సరిగ్గానే రాశాడు బావ. నేను ఆవేశం ఆపుకోలేక, "నాను ముందే సెప్పాను కంపెనీదే కొనండని! ఇన్నావా బావా? ఇప్పుడు గుంట మళ్ళీ ఆ పొడిలో పడి దగ్గుకోవాలా?" అని కేకలేశాను. నిజానికి నేను ముందు చెప్పిందేమీ లేదు. ఏది కొనాలో నాకెప్పుడూ తెలియలేదు.

బావ తల పట్టుకుని కూర్చున్నాడు. "నీళ్ళున్నాయి. పంపు తిరుగుతన్నాది. ఎక్కడా కారట్లేదు. అన్నీ బాగున్నాయి గాని బాగోలేదురా" అన్నాడు. అంత పెద్ద మనిషి దిక్కు తెలియక అలా చూస్తుంటే నా కోపం దిగిపోయింది.

"విప్పు నాన్నా" అంది ఆశ.

విప్పాడు. రాగి పలక తెరిస్తే లోపల గాడులు కనబడలేదు. వాటి నిండా పసుపుపచ్చ బురద. బావ వేలితో తీసి వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. తర్వాత దేవుడి గూట్లో ఉన్న సీసా తెచ్చి వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. అడుగున ఇంత మందాన పసుపు పేరుకుని ఉంది. నీళ్ళదీ అదే రంగు కావడంతో ఎవరికీ కనబడలేదు.

"అమ్మా! ఏటి సేసినావే ఇది!" బావ అలా అరవడం నేనెప్పుడూ వినలేదు.

గంగాలమ్మ అత్త గుమ్మంలో నిలబడింది. భయపడలేదు.

"గుప్పెడు పసుపేసినాను. ఏస్తే ఏటైనాది?"

"నీ మనవరాలి ఉద్యోగం పోతాదే!"

"గోపీ ఇంజనికి ఎయ్యనీలేదు" అంది ఆవిడ. "ఆ కంపెనీ బాబు సీలన్నాడు, ముట్టద్దన్నాడు. సెంబట్టుకుని ఒడ్డు మీదే నిలబడిపోనాను. నువ్వూ అన్నావు, ఒగ్గేయమ్మా అని. ఒగ్గేసినాను. నా పిల్లడు రాలేదు. ఈ పాలి ఒగ్గమంటే ఎలగొగ్గుతానురా?"

మా అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. ఎవరి మీద కోప్పడాలో నాకు తెలియలేదు. ఆ పసుపు తప్పని ఆవిడతో ఎలా చెప్పాలి? బావ లేచి, ఆశ పళ్ళు తోముకునే బ్రష్షు తీసుకుని గాడులు ఒక్కొక్కటే తోమడం మొదలుపెట్టాడు. గొట్టాలు, రేడియేటరూ మంచినీళ్ళతో కడిగాడు. నేను బండి తీసి కార్తీక్ ఇంటికి వెళ్ళి, షాపు తెరిపించి కొత్త సీసా తెచ్చాను. ఈసారి సీసా నా ఒళ్ళోనే పెట్టుకున్నాను.

సోమవారం పొద్దున్న ఆశ వీడియో పంపింది. మధ్యాహ్నం ఫోనొచ్చింది. ఉద్యోగం ఇచ్చారు. ఇంటి నుంచే చెయ్యొచ్చు, కంప్యూటరు కూడా మేమే పంపుతామన్నారు.

పంపారు. పెట్టె విప్పితే లోపల పెద్ద కార్డు, దానికి నల్లటి గొట్టాలు, రేడియేటరు. అన్నీ కంపెనీలోనే బిగించి, నీళ్ళు పోసి మూసేసినవే. విప్పితే గ్యారంటీ లేదని స్టిక్కరు. బావ అటూ ఇటూ తిప్పి మూత కోసం వెతికాడు. దొరకలేదు. నేను నవ్వబోయి ఆగిపోయాను. ఎందుకంటే గంగాలమ్మ అత్త చెంబుతో వచ్చి నిలబడింది.

"దీనికి నీళ్ళెక్కడ పొయ్యాలే?" అని అడిగింది ఆశని.

"పొయ్యక్కర్లేదే నాయనమ్మా. కంపెనీలోనే పోసేసి మూసేసారు."

"ఎవులు పోసారు?"

ఆశ నా వైపు చూసింది. నేను బావ వైపు చూశాను. ఏ దేశంలో ఏ యంత్రం పోసిందో ఎవరికి తెలుసు? ఇంజను విషయంలో మా బావ అబద్ధమాడగా నేను చూడలేదు. ఓనరు మొహం మీదే, నీ ఇంజను చచ్చిపోయింది బాబూ అని చెప్పే మనిషి.

"ఒక ముసిలామే పోసిందటమ్మా. నాను ఫోన్ సేసి కనుక్కున్నాను" అన్నాడు బావ, స్టిక్కరు మీద నుంచి చూపు ఎత్తకుండా.

"పసుపేసిందా?"

"ఏసిందట."

ఆవిడ చెంబు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది.

"ఆమెకి కొడుకులున్నారా?"

"ఉన్నారటమ్మా" అన్నాడు బావ. "ఇద్దరూ ఉన్నారట."

గంగాలమ్మ అత్త చెంబు కింద పెట్టింది.

"అయితే ఎయ్యే సుచ్చి" అంది మనవరాలితో.