మా మామ కడిగిచ్చిన డబ్బా

పోయిన నెలలో ఎలక్షన్ల ప్రచారానికని ఎవరో పెద్దమనిషి మా కోయిలకుంట్లలో హెలికాప్టర్ దిగుతున్నాడని తెలిసి, వీధి పిల్లలతో పాటు నేనూ చేతికర్ర పట్టుకుని కాలేజీ మైదానానికి బయలుదేరాను. తొంభైకి దగ్గరపడిన ముసలివాడికి ఈ పోకిరీ తిరుగుళ్ళు ఎందుకని మా కోడలు ముఖం మాడ్చుకుంది గానీ నేను వినలేదు. అది దిగేటప్పుడు లేచిన దుమ్ముకు జనమంతా కొంగులూ కండువాలూ ముఖాన కప్పుకుంటే, నేను మాత్రం కళ్ళు చికిలించుకుని, ఈ దద్దమ్మలు ముందుగా నాలుగు బిందెల నీళ్ళు చల్లించకూడదా అని పైకే తిట్టుకుంటూ నిలబడ్డాను. పక్కనున్న పోలీసు కుర్రవాడు, నీకేం తెలుసు తాతా, పక్కకు జరుగు అన్నాడు. వాడి తప్పేముంది, ముప్పై ఏళ్ళకు పైగా ఆ యంత్రాల పొట్టల్లో చేతులు పెట్టి బతికినవాణ్ణని, వారంట్ ఆఫీసరుగా రిటైరైనవాణ్ణని నా నుదుటి మీద రాసి లేదు గదా! ఇంటికొచ్చి మంచం మీద వాలాను గానీ, ఆ మోత చెవుల్లోంచి పోక, యాభైల నాటి ఒక సాయంత్రం దగ్గరికి నన్ను లాక్కుపోయింది.

మా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, కర్నూలు రాజధానిగా ఉన్న ఆ మూడేళ్ళూ ఆ ఊరు ఊరుగా లేదు. ఎక్కడ చూసినా గుడారాలే, ఆ గుడారాల్లోనే ఆఫీసులు, వాటి చుట్టూ ఉద్యోగాలకోసం తిరిగే నాబోటి ఎస్సెల్సీ పాసైన కుర్రకారు. గుమాస్తా పనైనా దొరక్కపోతుందా అని నెలన్నర ఆ ఎండలో తిరిగి తిరిగి, చివరికి వైమానిక దళంలోకి మనుషుల్ని తీసుకుంటున్నారన్న కాగితం చూసి బెంగుళూరు రైలెక్కాను. మా నాయన నా చిన్నతనంలోనే పోయాడు. నాకు పెద్దదిక్కు, ఎర్రగుంట్ల దగ్గరి పల్లెలో సేద్యం చేసుకునే మా మేనమామ ఒక్కడే. అమ్మ ఏడుస్తూ కూర్చుంటే, వాడు ఈడ ఉండి ఏం జేస్తాడక్కా, వాన రాని చేను దున్నుతాడా అని ఆమెను సముదాయించి, సంరక్షకుడి సంతకం పెట్టాల్సిన చోట వంకర అక్షరాలతో తానే పెట్టి పంపించాడు. ఆయన అంత తెగువ చేయకపోతే నేను ఏ అంగట్లోనో పద్దులు రాసుకుంటూ ఉండేవాణ్ణి.

అయితే మామతో ఒక చిక్కుండేది. మా ఊళ్ళవాళ్ళకు వైమానిక దళమైనా, నౌకాదళమైనా, పటాలమైనా అన్నీ మిలిట్రీనే, అందులో చేరినవాడు విమానం నడపకుండా ఉంటాడా! మా అల్లుడు ఇమానం తోలుతాండాడు అని మామ సంతలో చెప్పుకు తిరిగేవాడు. నేను నడిపేవాణ్ణి కాదు మామా, మరమ్మతు చేసేవాణ్ణి అని ఎన్ని ఉత్తరాలు రాసినా ఆయన చదివించుకుని, నవ్వి, మళ్ళీ సంతలో అదే మాట చెప్పేవాడు.

నేను చేరే నాటికి హెలికాప్టర్లు అప్పుడప్పుడే కొత్తగా వస్తున్నాయి. అప్పట్లో అవి దేశం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని. వాటి మెకానిక్కుల్లో ఒకడిగా నన్ను వేసినప్పుడు నేల మీద కాలు నిలిచింది కాదు. మా పనిలో ఒక నియమం ఉండేది, ఈనాటికీ ఉందనుకుంటాను. నడిపేవాడు ఎంత గొప్పవాడైనా సరే, అంతా సరిగ్గా ఉందని మెకానిక్ పుస్తకంలో సంతకం పెట్టందే యంత్రం ఎక్కకూడదు. ముఖ్యంగా పెట్రోలు. పీపాలోంచి మెత్తని తోలుగుడ్డ గుండా వడపోసి డబ్బాల్లోకి తీయాలి, డబ్బాల్లోంచి ట్యాంకులో పోయాలి, కాసేపు నిదానించి అడుగు నుంచి కొద్దిగా ఒక గాజు సీసాలోకి వదిలి చూడాలి. నీళ్ళుంటే అడుగున చేరి తెలిసిపోతాయి. నాలుగు చుక్కల నీళ్ళు చాలు, గాలిలో ఉండగా ఇంజను ఊపిరాగిపోవడానికి.

ఆ ఏడు, వానకోసం కప్పలకు పెళ్ళిళ్ళు చేసే మా సీమలో, దసరా వెళ్ళాక పట్టిన వాన నాలుగు రోజులు వదల్లేదు. కుందూ పొంగి గట్టు దాటి పల్లెల్ని ముంచేసింది. తెలుగు తెలిసినవాడినని నన్నూ, మరో మెకానిక్కునూ ఇచ్చి ఒక హెలికాప్టరును ఎర్రగుంట్లకు పంపారు. రైల్లోంచి పెట్రోలు పీపాలు దింపుకోవడానికి అనువని ఆ ఊరు ఎంచారు. నల్లరేగడిలో చక్రాలు దిగబడిపోతాయి గనుక, ఊరి బయట పలుగూ దిగని నాపరాతి బండ ఒకటి చూసి దాని మీద మా మకాం పెట్టాం. నడిపే ఆయన ఒక సర్దార్జీ, మంచి వయసులో ఉన్నవాడు, మాట తక్కువ, తెల్లవారితే ఎక్కడం, చీకటిపడితే దిగడం.

రెండో రోజు మధ్యాహ్నం మా మామ వెతుక్కుంటూ వచ్చాడు. మొలలోతు నీళ్ళలో నడిచొచ్చినవాడు పై నుంచి కింది దాకా బురద. నన్ను చూసి సంతోషపడతాడనుకుంటే, నా రెండు చేతులూ పట్టుకుని చిన్నపిల్లాడి మాదిరి ఏడ్చాడు. మా అత్తా, వాళ్ళ ఒక్కగానొక్క కూతురూ కుందూ ఒడ్డున ఒక పల్లెకు పెండ్లికి పోయి చిక్కుకుపోయారట. మట్టిమిద్దెలన్నీ కూలితే ఊరందరూ రాతి చావడి మిద్దె మీద కూర్చున్నారని ఈదుకుంటూ వచ్చినవాడెవడో చెప్పాడట. నేను సర్దార్జీకి చెప్పాను. ఆయన పటం మీద వేలు పెట్టి చూసి, సాయంత్రం వెళ్ళాల్సింది అక్కడికే అన్నాడు. అది విన్నప్పటి నుంచి మామ ఒకచోట నిలబడలేదు, ఏం పని జెయ్యాల్నో చెప్పప్పా, ఊరికే ఉండలేను అంటూ మా వెంట తిరిగాడు.

సాయంత్రమైంది. అప్పటికే పెట్రోలు నింపి, సీసాలో చూసి, పుస్తకంలో సంతకం పెట్టేశాను. తీరా ఎక్కబోతూ సర్దార్జీ, వెలుతురు ఇంకా ఉంది, రెండుసార్లు పోయి రావచ్చు, మరో రెండు డబ్బాలు పొయ్యి అన్నాడు. నాతోటివాడు అన్నం తినడానికి పోయి ఉన్నాడు. మామ పరుగున పోయి ఖాళీ డబ్బాలు రెండు తెచ్చిచ్చాడు, నేను పీపాలోంచి వడపోసి పట్టాక ఒకటొకటిగా మోసుకొచ్చి అందించాడు. నేను పోశాను. మళ్ళీ సీసా పట్టాలి. పట్టలేదు. తొందర, పైగా మా అత్తా, ఆ పిల్లా ఆ వానలో ఉన్నారన్న ఆత్రం, సంతకం ఎలాగూ అయిపోయిందిలే అన్న అలసత్వం, ఏ పేరు పెట్టుకున్నా తప్పు తప్పే.

ఇంజను మొదలైంది. రెక్కలు తిరగడం మొదలైంది. నేను సామాను సర్దుకుంటూ అటు తిరిగితే, మామ ఆ బండ మీద గుంటలో నిలిచిన వాననీళ్ళు దోసిళ్ళతో ఖాళీ డబ్బాలో పోసి, గిరగిరా తిప్పి, బోర్లిస్తున్నాడు. ఏం చేస్తున్నావు మామా అని అరిచాను. ఆయన ముఖం వెలిగిపోతూ, మళ్ళా వచ్చే తలికి కడిగి పెడ్తాండా అప్పా, ఇందాకటి రెండూ గూడా నువ్వు పట్టక మునుపు ఇట్లనే శుద్ధంగా కడిగితి, మనోళ్ళ కోసరం పోయే ఇమానానికి మురికి డబ్బాల్తో పోస్తామా అన్నాడు.

మన ఇళ్ళల్లో అంతే గదా. ఇంటికి వచ్చినవాడికి చెంబు కడగకుండా నీళ్ళిస్తామా? ఆయనకు తెలిసిన మర్యాద ఆయన చేశాడు. అడుగున నీళ్ళు మిగిలిన డబ్బాల్లోకే నేను పెట్రోలు పట్టాను, లోపలికి తొంగి చూడనైనా చూడలేదు. ఒక్క క్షణం, దేవుడి సాక్షిగా చెబుతున్నాను, ఒక్క క్షణం నోరు మూసుకుందామనిపించింది. ఆ కాసిని నీళ్ళు ఏం చేస్తాయిలే, ఆపితే ఇవాళ్టికి వెలుతురు పోతుంది, అత్తా వాళ్ళు ఆ మిద్దె మీదే ఉండిపోతారు, నా ఉద్యోగం పోతుంది, మామ పదిమందిలో దోషి అవుతాడు. ఇన్ని లెక్కలూ ఆ ఒక్క క్షణంలోనే నా బుర్రలో తిరిగాయంటే నమ్మండి. ఆ తరువాత నా కాళ్ళు వాటంతట అవే పరుగెత్తాయి. తిరిగే రెక్కల ఎదుటికి పోయి, రెండు చేతులూ తల మీద అడ్డంగా కత్తెర వేసి నిలబడ్డాను. ఆపమనే సైగ అది.

సర్దార్జీ ముఖం ఎర్రబడింది. అయినా ఆపాడు. దిగి వచ్చాక గాజు సీసా తెచ్చి ట్యాంకు అడుగు నుంచి వదిలాను. పైన ఆకుపచ్చని పెట్రోలు, కింద రెండు వేళ్ళ మందాన తేటగా నీళ్ళు. ఆయన సీసాను వెలుతురుకు ఎత్తి పట్టి చాలాసేపు చూసి, ఎవరు చేశారు అని హిందీలో అడిగాడు. నా పక్కనే మామ నిలబడి ఉన్నాడు, భాష తెలియకపోయినా ఆ సీసా చూడగానే ఆయనకు అంతా అర్థమైపోయింది. పోసింది నేను సార్, మళ్ళీ చూడనిది నేను సార్, సంతకం నాది అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు. ఆయన చొక్కా చేతులు పైకి మడుచుకుని, పదండి, ఖాళీ చేద్దాం అన్నాడు.

ట్యాంకు మొత్తం వంచి, మళ్ళీ వడపోసి, మళ్ళీ నింపి, సీసా ఒకటికి మూడుసార్లు పట్టేసరికి గంటకు పైగా పట్టింది. మామ తన మూటలో దాచుకున్న పొడి తలగుడ్డ చించి డబ్బాలు లోపలంతా తుడిచాడు. మిగిలిన వెలుతురులో సర్దార్జీ ఒక్కసారే పోగలిగాడు. ఆ మిద్దె మీద చక్రం ఆనీ ఆననట్టు నిలిపి, చంటిపిల్లలనూ తల్లులనూ ముసలివాళ్ళనూ ఎక్కించుకొచ్చాడు. మా అత్తా, ఆమె కూతురూ అందులో లేరు. వాళ్ళను మర్నాడు పొద్దున్నే తెచ్చాడు. తడిసి ముద్దై, చలికి పళ్ళు కొట్టుకుంటూ దిగిన ఆ పిల్లను మామ పట్టుకుని వదల్లేదు. ఆ రోజు ఆ మిద్దె మీది వాళ్ళందరూ ప్రాణాలతో వచ్చారు.

తిరిగి వెళ్ళాక నాకు శిక్ష పడింది. ఏడు రోజులు క్యాంపు దాటకూడదు, పూటపూటా బరువు వీపున వేసుకుని మైదానం చుట్టూ పరుగెత్తాలి, రావలసిన ప్రమోషన్ ఒక ఏడాది వెనక్కి పోయింది. అయినా నాకు దిగులనిపించలేదు, ఎందుకంటే శిక్ష అయిన మర్నాడే సర్దార్జీ నన్ను పిలిపించి, ఇక మీదట తన యంత్రానికి సంతకం నేనే పెట్టాలని పై అధికారులను అడిగి రాయించుకున్నానని చెప్పాడు. నా ముందుకొచ్చి ఆపగలిగినవాడు నాకు కావాలి అన్నాడంతే. ఆ తరువాత కార్పొరల్నయ్యాను, సార్జెంటునయ్యాను, వారంట్ ఆఫీసర్నయ్యాను, ఎందరో కుర్రవాళ్ళకు పని నేర్పాను. నేర్పిన ప్రతివాడికీ మొదటిరోజు ఈ కథే చెప్పాను, మామ పేరెత్తకుండా.

ఆ మిద్దె మీది పిల్లనే రెండేళ్ళకు నాకిచ్చి పెళ్ళి చేశారు. ఇక చూడండి నా అవస్థ! హెలికాప్టరు సాయంత్రమే వస్తుందని ఆశ పెట్టుకుని కూర్చుంటే అది గంట ఆలస్యంగా వచ్చి కొందరినే తీసుకుపోయిందనీ, ఆ ఆలస్యం నా వల్లేననీ ఆమెకు ఎవరో చెప్పారు. ఇంటికి చుట్టమొస్తే చాలు, ఈయప్ప మిలిట్రీలో ఏం ఎలగబెట్టినాడో గానీ, నన్ను మాత్రం ఒగ రాత్రంతా వానలో మిద్దె మీద కూర్చోబెట్టినాడు అని మొదలుపెట్టేది. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. మామ ఉంటే మాత్రం లేచి బయటికి పోయేవాడు. ఎందుకు ఆలస్యమైందో నేను ఎన్నడూ చెప్పలేదు, చెప్పదలుచుకోలేదు.

మామ పెద్దవాడై మంచాన పడ్డాక ఒకనాడు నన్నూ ఆమెనూ పిలిచి కూర్చోబెట్టుకుని, అమ్మా, ఆ పొద్దు ఇమానాన్ని నిలబెట్టింది నేను, ఈయప్ప గాదు, నా మీదికి రానీకుండా ఇన్నేండ్లు మోసినాడు అని జరిగిందంతా చెప్పాడు. ఆమె తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుని చాలాసేపు ఏడ్చింది. ఆ రోజు నుంచి మళ్ళీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. నన్ను చూసే చూపే మారిపోయింది, కూర వడ్డించేటప్పుడు కూడా ఏదో పెద్దాయనకు వడ్డించినట్టు. నాకేమో ఆ ఎగతాళి లేక ఇల్లు చప్పగా తోచేది, అడిగి తిట్టించుకోలేను గదా!

ఇప్పటి యంత్రాల్లో నీటిచుక్క చేరితే ఎర్రదీపం వెలిగి తనంతట తానే చెబుతుందట, నా దగ్గర పని నేర్చుకున్నవాడొకడు మొన్న ఫోన్లో చెప్పాడు. మంచిదే, ఎన్ని ప్రాణాలు నిలుస్తాయో, సంతోషమే. మనిషి పరుగెత్తి ఎదురు నిలబడి నాది తప్పు అని చెప్పాల్సిన అవసరం తగ్గిపోయింది. చెప్పినవాణ్ణే ఏరి దగ్గర పెట్టుకునే ఆ సర్దార్జీలాంటివాళ్ళు మాత్రం ఎందరున్నారో నాకు తెలియదు. మామ పోయాడు, అత్త పోయింది, సర్దార్జీ ఎక్కడున్నాడో. మా ఆవిడకు ఈ మధ్య మతిమరుపు వచ్చింది, పాతికేళ్ళ కిందటివి, ముప్పై ఏళ్ళ కిందటివి ఒకటొకటిగా రాలిపోతున్నాయి, తండ్రి చివరి రోజుల్లో చెప్పిన ఆ మాటలు కూడా పోయాయి. చిన్ననాటివి మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. నిన్న పాలు తెచ్చిన పక్కింటి అమ్మాయిని గుమ్మంలో నిలబెట్టి, ఈయప్ప నన్ను ఒగ రాత్రంతా వానలో మిద్దె మీద కూర్చోబెట్టినాడు అని ఎన్నో ఏళ్ళ తరువాత మొదలుపెట్టింది. నిజమేనా తాతా అని ఆ పిల్ల నన్నడిగింది. నిజమేనమ్మా, తప్పంతా నాదే అన్నాను, మా ఆవిడ కడుపారా నవ్వింది.