సబ్బక్క కడిగిన జాడీ

మందుల ప్రయోగశాలలో గాజుసామాను కడిగే ఆవిడని అందరూ సబ్బక్క అనే పిలిచేవారు. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఆవిడ కడిగిన గిన్నెలో చూసుకుంటూ తల దువ్వుకోవచ్చని జోకులేసేవారు. ఇంట్లో కుళాయికి కూడా స్నానం చేయిస్తుందని మొగుడు ఏడిపించేవాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఆ పుడకలు ఎవరివో అన్న భయం ఒకరోజు పొద్దున ఆవిడని పట్టుకుంది.

అక్కడ ఒక గదిలోకి మాత్రం సబ్బు రానివ్వరు. ఆ గదిలో మందు కలిపే మేడమ్, సబ్బక్క పనిలో చేరిన కొత్తలోనే కూర్చోబెట్టి చెప్పింది.

"ఈ సీసాలోది పాలిమర్. కంటికి కనపడని పొడుగాటి పోగులు, వాటి నిండా ప్లస్ చార్జి. ఆ సీసాలోది సబ్బు జాతిదే, దానికి మైనస్ చార్జి. రెండూ ఒకదాన్నొకటి లాక్కుని చిన్న చిన్న ఉండలుగా చుట్టుకుంటాయి. మందు ఆ ఉండల కడుపులో దాక్కుని, దారిలో చెదిరిపోకుండా ఒంట్లో ఉన్న క్యాన్సర్ గడ్డ దాకా వెళ్తుంది. కొలత తప్పిందంటే ప్లస్సుకీ మైనస్సుకీ చెల్లుకి చెల్లు. ఉండలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అది రక్తంలోకి ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో అడ్డం పడుతుంది. అందుకే ఇక్కడి జాడీలకి వేడినీళ్ళూ స్పిరిటూ తప్ప ఇంకేం తగలకూడదు. నీ సబ్బు ఈ గడప దాటి రాకూడదు."

సబ్బక్క తలూపింది. తలూపడానికేం, తేలికే.

ముందురోజు సాయంత్రం జాడీ మూతి దగ్గర ఎవరిదో వేలిముద్ర జిడ్డుగా కనిపించింది. స్పిరిట్‌తో తుడిచింది. ఇంకా ఉందేమో అనిపించింది. చెయ్యి ఆవిడని అడగలేదు. జాడీని బయట తొట్టి దగ్గరికి పట్టుకెళ్ళి స్పాంజితో రుద్ది, నీళ్ళు పోసి, తెచ్చి దాని చోట పెట్టేసింది. ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయింది కూడా.

పొద్దున పనిలోకి వచ్చి చూస్తే ఆ జాడీలోనే మందు కలిపేశారు. జాడీకి అంటించిన చీటీ మీద ఆసుపత్రి వార్డు, మంచం నంబరు ఉన్నాయి. ఆ మంచం మీద ఉన్నది సబ్బక్క సొంత చెల్లెలు. కాలేయంలో గడ్డ. పాత మందులన్నీ చేతులెత్తేశాక, ఈ కొత్త మందు ఇచ్చి చూద్దామన్నారు. నెల కిందట ఒకసారి ఎక్కించారు. ఇది రెండోసారి.

ఆ మందు నిల్వ ఉండదు, కలిపిన రోజే ఎక్కించాలి. పారబోస్తే మళ్ళీ పాలిమర్ సిద్ధం కావడానికి వారాలు పడుతుంది. అన్నాళ్ళు గడ్డ ఊరుకోదని డాక్టరు ముందే చెప్పాడు. చెప్తే చెల్లెలికి మందు పోతుంది. చెప్పకపోతే చెల్లెలే పోతుందేమో. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మేడమ్ జాడీని దీపం ముందు పెట్టి చూసింది. పల్చటి పొగలా, ఉండాల్సినట్టే ఉంది. "బాగా కుదిరింది," అంది. సబ్బక్కకి ప్రాణం లేచొచ్చినట్టయింది. చదువుకున్నావిడ బాగుందంటే బాగున్నట్టే కదా. నీళ్ళు పోశాను కదా, నురుగంతా పోయింది కదా. అలా తనకి తానే చెప్పుకుంటూ ఉండగానే మందు సంచిలోకి నింపడం అయిపోయింది. వార్డు నుంచి మనిషి వచ్చి సంచిని చల్లటి పెట్టెలో పెట్టుకున్నాడు. అతను గుమ్మం దాటుతున్నాడు.

"ఆగండి," అంది సబ్బక్క. "మేడమ్, నిన్న ఆ జాడీకి సబ్బు పెట్టాను."

మేడమ్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పెట్టె వెనక్కి తెప్పించి, కొంచెం మందు గాజుగొట్టంలోకి తీసి, ఒంటి వేడి ఎంతుంటుందో అంత వేడిలో ఉంచింది. మధ్యాహ్నానికల్లా పాలు విరిగినట్టు అడుగున తెల్లటి తునకలు పేరుకున్నాయి. ఇద్దరూ వాటిని చూస్తూ నిలబడ్డారు.

సాయంత్రం వార్డుకి వెళ్ళింది. చెల్లెలు ఎప్పటిలాగే అక్క చెయ్యి లాక్కుని చెంప కింద పెట్టుకుంది. చిన్నప్పుడు ఉరుములకి భయపడినప్పటి నుంచీ అదే అలవాటు. ఆ సబ్బు వాసనే తనకి ధైర్యం అనేది.

"ఇవాళ మందు రాలేదేంటక్కా?"

"నేనే ఆపించాను. జాడీకి సబ్బు తగిలింది, నా చేత్తోనే. మందంతా విరిగిపోయింది. మళ్ళీ కలపడానికి వారాలు పడుతుందట."

చెల్లెలు పైకప్పు వంక చూసింది. "పోనీలే. చెప్పావు కాబట్టి సరిపోయింది," అంది. అక్క వైపు తిరిగింది. "అక్కా, పోయినసారి ఎక్కించిన రాత్రి నాకు ఊపిరాడలేదు చూడు. కొత్త మందు కదా, అలాగే ఉంటుందన్నారు. అప్పుడు జాడీ ఎవరు కడిగారు?"

"నేనే."

"సబ్బు పెట్టావా?"

సబ్బక్క బుర్రంతా వెతికింది. తొట్టి గుర్తొచ్చింది. వేడినీళ్ళ ఆవిరి గుర్తొచ్చింది. కడిగాక జాడీ తళతళలాడటం గుర్తొచ్చింది. చెయ్యి ఏం చేసిందో మాత్రం గుర్తు రాలేదు. తెలిసి చేసిన పని అయితే కదా గుర్తుండటానికి.

"గుర్తు రావట్లేదే," అంది.

చెల్లెలు చెంప కింద ఉన్న చేతిని మెల్లగా తీసి, దుప్పటి మీద పెట్టింది.