ఒక్క నిమిషం ఆగే మనిషి

గత నెల ఒక మధ్యాహ్నం, గ్యాస్ బండ ఆలస్యంగా తెచ్చిన అతనితో వాకిట్లో గొడవ పడుతుంటే ఖమ్మం దవాఖానా నుంచి మా బావ ఫోన్ చేశాడు. "మీ అక్క పోయిందమ్మా," అన్నాడు. గుండె ఆగిపోయిందట.

ఆమె నాకు తోడబుట్టిన అక్క కాదు, తోడికోడలు. భద్రాచలం వెళ్లే రోడ్డు మీద, అడవి మొదలయ్యే చోట మా ఊరు. ఒకే ఇంటికి నడుమ గోడ కట్టి, ఇటు మేము, అటు వాళ్లు. కుళాయి ఒకటే, బట్టలు ఆరేసుకునే తీగ ఒకటే, ఇద్దరికీ కలిపి అత్తమ్మ ఒకతే. పదహారేళ్లు అట్లా ఉన్నాం. ఆ పదహారేళ్లూ ఆమెను చూసి నేను కుళ్లుకున్నాను. ఈ మాట దాచి ఆమె గురించి రాయలేను.

నగలకూ చీరలకూ కాదు, ఆమె నెమ్మదికి. కోతులు వచ్చి ఆరబెట్టిన మిరపకాయలు చెల్లాచెదురు చేస్తే నేను కర్ర పట్టుకుని వీధి చివరిదాకా తరిమేదాన్ని. ఆ కోపం సాయంత్రం దాకా ఇంట్లో అందరి మీదా పోయేది. ఆమె గుంజ పట్టుకుని, కళ్లు మూసుకుని ఒక్క నిమిషం నిలబడేది. పెదవులు కదిలేవి. తర్వాత కూర్చుని కాయలు ఏరుకునేది. ఆమె పనిచేసే అంగన్‌వాడీకి వెళ్లే బస్సు ఆపకుండా పోయినా అంతే. చారులో ఉప్పు లేదని అత్తమ్మ పళ్లెం నెట్టేసినా అంతే.

చర్చిలో ఇద్దరం ఒకే చాప మీద కూర్చునేవాళ్లం. అవే పాటలు, అదే వాక్యం. ఇంటికి వచ్చేసరికి నా దగ్గర ఏమీ మిగిలేది కాదు. దేవుడు కూడా ఆమె పక్షమే అనుకునేదాన్ని.

ఒకసారి స్త్రీల కూడికలో, దేవుడు తనకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమని పాస్టరమ్మ ఆమెను అడిగింది. నన్ను ఏనాడూ అడగలేదు. ముందురోజు ఆమె తన తెల్లచీర ఉతికి తీగ మీద వేసి లోపలికి వెళ్లింది. పక్కింటి మేక వచ్చి కొంగు లాగడం కిటికీలోంచి చూశాను. చీర బురదలో పడింది. మేక తొక్కుతున్నా నేను కదల్లేదు. ఈసారైనా అరుస్తుందేమో చూద్దామనుకున్నాను.

ఆమె బయటికి వచ్చింది. చీరను చూసింది, కిటికీ వైపు చూసింది. తీగ పట్టుకుని నిలబడింది. ఆ రోజు ఒక్క నిమిషం సరిపోలేదు. చాలాసేపటికి నా గడప దగ్గరికి వచ్చింది.

"చూసినవ్ గదా, చెల్లె?"

"అవ్," అన్నాను. అబద్ధం చెప్పాలని కూడా తోచలేదు. "నీకు కోపం ఎందుకు రాదక్కా? నాకే ఎందుకొస్తది?"

ఆమె గడప మీద కూలబడింది. "రాదని ఎవరన్నరు? పొద్దుగాల లేచినకాంచి నాలుగుసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా ప్రభువుకు చెప్త. నాతోని అయితలేదు, ఈ ఒక్క నిమిషం నువ్వే దాటించు అంట. ఆయనకు చెప్పకపోతే మీతోని కొట్లాడేదాన్ని."

లేస్తూ, "ఎక్కువసార్లు చెప్పేది నీ పేరే," అంది.

ముందు ఒళ్లు మండింది. తర్వాత, రోజూ నా పేరు దేవుడి ముందు ఎత్తే మనిషి నాకు ఇంకెవరున్నారని ఆలోచించాను. ఇద్దరం కలిసి చీర ఉతికాం. మరక పోలేదు. మర్నాడు ఆమె నా చీర కట్టుకుని సాక్ష్యం చెప్పింది. మేక సంగతి చెప్పింది, నా సంగతి చెప్పలేదు.

ఆ తర్వాత నేను మారిపోయానని అనను. కోపం వచ్చినప్పుడు ఆమె మాటలతోనే ప్రార్థన చేసుకునేదాన్ని. పదిసార్లలో మూడుసార్లు నిలబడగలిగేదాన్ని. "మూడంటే మంచిదే. నాకు మొదట్ల ఒక్కటి గూడ కాలే," అనేది.

గత నెల ఆమెను పూడ్చిన సమాధుల తోట టేకు చెట్ల పక్కన ఉంది. అడవి ఊళ్ల నుంచి అంగన్‌వాడీ పిల్లల తల్లులు వచ్చి, ఒక్కొక్కరు ఒక్కో సంగతి చెప్పుకుని ఏడ్చారు. నాకు తెలియని అక్క వాళ్లందరి దగ్గరా ఉంది. అప్పుడు కూడా కుళ్లుకున్నాను.

అందరూ వెళ్లాక అత్తమ్మ కొత్త మట్టి పక్కన చతికిలబడింది. టేకాకులు రాలుతున్నాయి. మట్టి మీద పడిన ఆకునల్లా తీసి పక్కన పెడుతోంది.

"పోదాం పా, అత్తమ్మా," అన్నాను.

"నువ్ పో. నేనొస్త," అంది తలెత్తకుండా.

నేను పోతే నా కోసం అత్తమ్మ ఇట్లా కూర్చునేదా అనుకుంటూ అక్కడే నిలబడ్డాను. ఇంకో ఆకు పడింది. దాన్నీ తీసింది.