మత్స్యశాఖ పోయిన రోజు

మా అమ్మకి నోరెక్కువని పేటంతా అనేది. నిజమే. ఆ నోరే నాకూ వచ్చింది, అందుకే ఇది నేను రాస్తున్నాను. మా అన్నయ్యని రాయమంటే రెండు ముక్కల్లో తేల్చేసి, "పోనీలే, అయిపోయిందేదో అయిపోయింది" అంటాడు. నాకలా అనడం చేతకాదు.

విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్లో బోట్ల నుంచి దించిన చేపల్ని కుప్పలు పోసి వేలం పాడతారు. అమ్ముకునే ఆడవాళ్ళు చుట్టూ మూగి పాట పెంచుతారు. ఆ వేలంలో మా అమ్మా, అత్తా బద్ధ శత్రువులు. అత్తంటే నాన్నకి వరసకి చెల్లెలు. పేటలో వాళ్ళింటికీ మా ఇంటికీ మధ్య గోడ ఒక్కటే. ఒక కుప్ప మీద అమ్మ కన్ను పడిందని తెలిస్తే చాలు, అత్త పాట పెంచేసేది.

"నన్ను సూస్తే దీని కళ్ళు మండిపోతాయి" అని అమ్మ అరిచేది.

"నీ బాబు బోటేటి, నీకొక్కదానికే రాసిచ్చీడానికి?" అని అత్త.

వేలం అవగానే ఆ ఇద్దరే ఒకే ఆటోలో గంపలు వేసుకుని బజారుకి వెళ్ళి, ఒకే పరదా కింద, మోకాలికి మోకాలు తగిలేలా కూర్చునేవారు. అమ్మ టీ తాగడానికి లేస్తే అత్త రెండు గంపలూ అమ్మేది. మావయ్య, అంటే అత్త మొగుడు, వేరేవాళ్ళ బోటు మీద వేటకెళ్ళేవాడు. తాగొచ్చిన రోజు మా అమ్మ చేత తిట్లు తిని, మా అరుగు మీదే ముడుచుకుని పడుకునేవాడు. పొద్దున్నే లేచి మొహం కడుక్కుని, "ఒక్క గ్లాసు టీ ఇయ్యప్పా" అని అక్క వరస కలిపి అడిగేవాడు. అమ్మ ఇచ్చేది, మళ్ళీ తిడుతూనే.

బోట్ల సంఘం పనులు చూస్తూ చూస్తూ మా నాన్న రాజకీయాల్లోకి జారాడు. తొంభైల్లో ఒక ఎన్నికల్లో గెలిచాడు కూడా. సముద్రం మీద బతికే కులానికి ఒక్క మంత్రి పదవైనా ఇవ్వకపోతే బాగుండదని హైదరాబాదులో ఎవరికో తోచింది. నాన్న అప్పటికే అక్కడ ఉన్నాడు. మా ఇంటికింకా ఫోను రాలేదు, అందుకని వీధి చివర ఎస్టీడీ బూత్‌కి కబురు వచ్చింది. బూత్ కుర్రాడు పరిగెత్తుకుంటూ వచ్చేసరికి అమ్మ చేపలు తోముతోంది. విని, చేతులు కడుక్కుని, మళ్ళీ తోముకుంది. నమ్మలేదు.

ప్రమాణ స్వీకారం టీవీలో చూశాం. నాన్న వేసుకున్న తెల్లచొక్కాకి గంజి ఎక్కువైంది, మెడ తిరగడం లేదు. గవర్నరు చదివించిన మాటల్లో ఒకచోట తడబడ్డాడు. అత్త టీవీకి హారతి ఇచ్చింది. పొగకి బొమ్మ కనపడక అందరూ అత్తని తిట్టారు. సాయంత్రానికి మత్స్యశాఖ ఇచ్చారని తెలిసింది. పేటలో ముసలివాళ్ళు కూడా ఎగిరారు. మన చేపలకి మనవాడే మంత్రి, ఇంకేం కావాలి.

మంత్రి గారి వెనకాల ఒక పీఏ వచ్చాడు. సన్నగా, సెంటు కొట్టుకుని ఉండేవాడు. వాణ్ణి తల్చుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. వచ్చిన వారంలోనే మొదలుపెట్టాడు.

"మేడం గారు గంప ఎత్తుకుని బజార్లో కూర్చుంటే సార్ పరువు పోతుందండి" అన్నాడు.

"సేపల మంత్రి పెళ్ళాం సేపలమ్మితే పరువెలా పోద్ది?" అంది అమ్మ.

మాట నిజమే. అయినా ఏ లాభం? రెండు రోజులు పోయాక నాన్నే అన్నాడు, నెమ్మదిగా, అమ్మ మొహం చూడకుండా: "కొన్నాళ్ళు మానీయే. పదవులు ఎల్లకాలం ఉండిపోతాయేటి? మళ్ళీ ఎల్దువుగాని." నాన్న గట్టిగా అరిచి ఉంటే అమ్మ ఎదురుతిరిగేది. బతిమాలేసరికి ఊరుకుంది.

పేట వదిలి, కొండవాలు మీద బంగళాకి మారాం. అక్కణ్ణుంచి సముద్రమంతా కనిపిస్తుంది, పేట మాత్రం కనపడదు. గేటు దగ్గర గన్‌మెన్, వరండా నిండా జనం, వంటింట్లో ఎప్పుడూ మరుగుతూ ఉండే టీ. నాన్న 'నాను' మానేసి 'నేను' అనడం నేర్చుకున్నాడు. మేం నవ్వేవాళ్ళం.

మొదట్లో అత్త బజారు అవగానే గంపతో సహా వచ్చేసేది. వెనక పెరట్లో అమ్మ పక్కన కాళ్ళు చాపుకుని కూర్చుని వేలం కబుర్లన్నీ చెప్పేది. "నువ్వు లేక పాట సప్పగా ఉన్నాది ఒదినా. నాతో దెబ్బలాడ్డానికి ఒక్క మడిసి లేదు" అనేది. అమ్మకి ఆ గంటసేపే ప్రాణం లేచివచ్చేది. తర్వాత పీఏ, పెద్దవాళ్ళు వచ్చినప్పుడు వాసన వస్తోందని, ఆవిణ్ణి వెనక గేటు నుంచి రమ్మనండి అన్నాడు. "ఎనక నుంచొత్తే సేప కాకుండా పోద్దేటి" అని అత్త నవ్వేసింది. నవ్వింది గానీ, రావడం తగ్గించింది. వచ్చినా స్నానం చేసి, పెట్లో చీర కట్టుకుని వచ్చి, కుర్చీ అంచు మీద కూర్చునేది. "ఏటే, పెళ్ళికెల్తన్నావా?" అని అమ్మ ఏడిపించేది. అత్త టీ తాగి వెళ్ళేది.

తర్వాత మంత్రివర్గాన్ని మార్చేస్తున్నారని పుకారు పుట్టింది. మంత్రులందరి దగ్గరా రాజీనామాలు తీసుకున్నారని, కొందరిని ఇంటికి పంపేస్తారని. నాన్న హైదరాబాదులో ఉన్నాడు. ఇక్కడ మా ఇల్లు పార్టీ మనుషులతో నిండిపోయింది. ఫోన్ ఎవరూ ముట్టుకోకూడదన్నాడు పీఏ. పిలిచినవాళ్ళు తప్ప ఎవరూ లోపలికి రాకూడదని గేటు వేయించేశాడు. పదవి నిలబడాలని పంతులు గార్ని తెచ్చి, అమ్మకి పట్టుచీర కట్టించి, పొద్దున్నే దేవుడి గదిలో కూర్చోబెట్టారు. లేవకూడదట. రెండు రోజులుగా గాలి విపరీతంగా ఉంది. కిటికీ తలుపులు కొట్టుకుంటుంటే నేను కాఫీలు మోసుకుంటూ తిరిగాను. వరండాలో మాటలన్నీ ఒకటే: ఎవడి పేరు ఉంది, ఎవడి పేరు పోయింది, ఎవడు ఎవడి కాళ్ళు పట్టుకున్నాడు.

సాయంత్రం నాన్న ఫోన్ చేశాడు. ఉంచారు. కానీ మత్స్యశాఖ తీసేసి, సముద్రం మొహం చూడని జిల్లా ఆయనెవరికో ఇచ్చారు. నాన్నకి చిన్న పొదుపు మొత్తాల శాఖ ఇచ్చారు.

"శాఖ ఏదైతే ఏంటండీ, కారు కారే కదా" అన్నారు వరండాలో వాళ్ళు. బుట్టలతో లడ్డూలు వచ్చాయి. గేటు అవతల ఉన్నవాళ్ళకి కూడా పంచమన్నాడు పీఏ.

అమ్మ కాళ్ళు తిమ్మిరెక్కి, గోడ పట్టుకుని లేచింది. "సిన్న పొదుపంటే ఏటే?" అని నన్నడిగింది. పోస్టాఫీసులో దాచుకుంటారే, అదన్నాను. "సేపలోడికి దాసుకోమని సెప్పీ పని ఇచ్చారా" అని పడీ పడీ నవ్వింది. ఆ ఇంట్లో అమ్మ అలా నవ్వడం నేను చూసింది అదే ఆఖరు.

మర్నాడు పొద్దున్న, గిన్నెలు తోమడానికి పేట నుంచి వచ్చే ఆవిడ చెప్పింది. మావయ్య వెళ్ళిన బోటు మొన్ననే రావాల్సింది, రాలేదని. అమ్మ కాళ్ళకి చెప్పులు కూడా లేకుండా కొండవాలు దిగి పరిగెత్తింది. వెనకాలే నేను. ఒడ్డున పేటంతా ఉంది. అత్త ఇసకలో కూర్చుని నీళ్ళకేసి చూస్తోంది. అమ్మ వెళ్ళి వాటేసుకుంది. అత్త కాదనలేదు, కానీ చేతులు ఒళ్ళోంచి ఎత్తలేదు.

"మీ అన్నకి ఇప్పుడే ఫోన్ సేత్తాను. ఎతకడానికి పెద్ద బోటు పంపించమంటాను" అంది అమ్మ.

"ఇప్పుడా తల్లీ" అన్నాడు పక్కనున్న ఒక ముసలాయన.

నాన్న ఫోన్లు చేశాడు. శాఖ మారిపోయింది కాబట్టి కొత్త ఆయన్ని అడగాలన్నారు, ఆయన ఇంకా కుర్చీలో కూర్చోలేదన్నారు. ఎలాగైతేనేం ఒక బోటు వెళ్ళింది. బోటు చెక్కలు దొరికాయి. మావయ్య దొరకలేదు.

ఆ తర్వాత అమ్మ రోజూ అన్నం పట్టుకుని పేటకి వెళ్ళేది. అత్త తినేది. అడిగినదానికి జవాబు చెప్పేది. అంతే. "నాతో మాటాడ్డం లేదే అది. తిట్టడం లేదే" అని అమ్మ వంటింట్లో కూర్చుని ఏడ్చేది. మొగుడు పోయిన దుఃఖం, కొన్నాళ్ళకి సర్దుకుంటుందని నేననేదాన్ని. నాకు మాత్రం ఏం తెలుసు?

ఏడాది తిరక్కుండా ప్రభుత్వమే పడిపోయింది. కొందరు ఎమ్మెల్యేలు అటు దూకారు, లెక్క తప్పింది, ముఖ్యమంత్రి దిగిపోయాడు. నాన్న దూకలేదు. దూకడం ఇష్టం లేకో, ఎవరూ పిలవకో నాకు తెలీదు. గన్‌మెన్ వెళ్ళిపోయారు. వరండాలో కుర్చీలు వెళ్ళిపోయాయి. పీఏ అయితే సెంటు వాసన పోకముందే కొత్త మంత్రి గారింట్లో తేలాడు. నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు, భోజనానికి పిలిస్తే కూడా లేవలేదు.

ఆ ఇంట్లో సంతోషపడింది మా అమ్మ ఒక్కతే. అటక మీంచి గంప దింపించి, కడిగి ఎండబెట్టింది. "రేపు ఎల్తన్నాను. దాని పక్కనే కూకుంటాను. నాలుగు రోజులు తిట్టుకుంటే అదే నా దారికొస్తాది" అంది. ఆ రోజంతా అమ్మ పదేళ్ళు చిన్నదైపోయింది. నన్ను కూడా తోడు రమ్మంది.

హార్బర్లో మమ్మల్ని చూడగానే ఆడవాళ్ళు దారి ఇచ్చారు. "రండమ్మా, రండి" అన్నారు. వీళ్ళలో సగం మంది అమ్మ జుట్టు పట్టుకుని కొట్లాడినవాళ్ళే. అత్త కుప్పకి అటువైపు నిలబడి ఉంది. అమ్మ పాట పాడింది. ఎవరూ పెంచలేదు. వేలం వేసేవాడు మళ్ళీ అడిగాడు. ఎవరూ నోరు విప్పలేదు. అమ్మ అత్తకేసి చూసి, తన పాట మీద తనే పెంచింది. మళ్ళీ చూసి, మళ్ళీ పెంచింది. ఒక్కరూ నవ్వలేదు. అత్త చేపల్నే చూస్తోంది.

"అమ్మగారికే" అన్నాడు వాడు.

అమ్మ చేపలక్కడే వదిలేసి అత్త దగ్గరికి వెళ్ళింది. "నామీద పాడవేటే? నానేటి సేసేను నీకు?"

"నీమీద కోపం లేదు ఒదినా" అంది అత్త. గొంతు పెంచలేదు. "ఆరోజు పొద్దున్నే నీ గేటు కాడికొచ్చేను. అన్న ఒక్క మాట సెప్తే ఎతకడానికి బోటెల్తాదని. అమ్మగారు పూజలో ఉన్నారు, లెగరన్నారు. ఉంటానన్నాను. దీపాలెట్టీదాకా నిలబడ్డాను. మరి లోపల ఏటయిందో, గేటు సందులోంచి నాకూ ఒక లడ్డూ సేతిలో ఎట్టినారు."

"నాకు తెల్దే. నా పిల్లల మీదొట్టు, నాకెవులూ సెప్పలేదే" అంది అమ్మ.

"తెల్దని నాకూ తెలుసు. అదే గదా ఒదినా నా ఏడుపు. గోడ పక్కనున్నప్పుడు నా పొయ్యి ఎలగకపోతే నీకు తెలిసీది."

అత్త కళ్ళు తుడుచుకుని, తను కొన్న చేపలు గంపలో సర్దుకుని, తల మీద గుడ్డ చుట్ట పెట్టుకుంది. నిండు గంప ఒక్కరే నెత్తికెత్తుకోలేరు, రెండోవైపు ఇంకొకరు పట్టాలి. అమ్మ చప్పున వంగి గంప అంచు పట్టుకుంది. అత్త గంప ఎత్తలేదు. అమ్మ వదిలేదాకా అలాగే నిలబడి, అటువైపు వెళ్తున్న ఇంకొకావిణ్ణి పిలిచింది.

"ఒలే, ఇలగొచ్చి ఒక సెయ్యెయ్యి."