ముఖం మాత్రం కనబడని కన్ను

అది 2011. జగిత్యాలలో ఒక చిన్న కంటి ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. రెటీనా డాక్టరు గారు వారానికోసారి హైదరాబాదు నుంచి వచ్చేవారు. తెలంగాణ ఉద్యమం ఊపు మీదుంది. ఏ రోజు బస్సులు తిరుగుతాయో, ఏ రోజు రోడ్డు మీద వంటా వార్పు పెడతారో తెల్లారితే గాని తెలిసేది కాదు.

భూమక్క కోరుట్ల నుంచి వచ్చింది. బీడీలు చుడుతుంది. భర్త రాజన్న దుబాయిలో మేస్త్రీ. షుగర్ వల్ల ఒక కన్ను అప్పటికే పోయింది, రెండోది మసకబారింది. "చెల్లె, ఒళ్లె బీడీల చాట కనవడ్తది, తునికాకు కనవడ్తది. మనిషి దిక్కు సూస్తే మొఖం ఒక్కటే కనవడది" అంది.

కంటి వెనక తెరను రెటీనా అంటాం. దాని నడిమధ్య మాక్యులా ఉంటుంది. షుగర్‌తో అక్కడి సన్నటి రక్తనాళాలు కారితే మాక్యులా వాచి, సూటిగా దేన్ని చూస్తే అదే చెదిరిపోతుంది. అంచుల చూపు మాత్రం మిగులుతుంది. ఆమెకు డాక్టరు గారు రెండు చికిత్సలు కలిపి చెయ్యాలన్నారు. ముందు వాపు దిగడానికి కంట్లోకి ఇంజక్షన్, వాపు దిగాక కారే నాళాలను సన్నటి వెలుగుతో మూసే లేజర్. వాపు మీద లేజర్ పట్టదు, చెమ్మగోడకు రంగు నిలుస్తుందా అని మీ ఆయన్నడుగు, చెబుతాడు అన్నాను. నవ్వింది.

ఇంజక్షన్ బాగా పనిచేసింది. చెకప్‌కి వచ్చిన రోజు నా ముక్కుపుడక రాయి ఎర్రదని చెప్పి మురిసిపోయింది. లేజర్‌కి తేదీ ఇచ్చాం. రాలేదు. ఫోన్ చేస్తే బస్సుల్లేవంది. ఆ వారం బస్సులు నిక్షేపంగా తిరుగుతున్నాయి. నేను సిరిసిల్ల దాన్ని, మరమగ్గాల, అదే మా సాంచాల, చప్పుడులో పెరిగిన గొంతు నాది. గట్టిగానే కోప్పడ్డాను. అప్పుడు అసలు మాట బయటపెట్టింది.

"లేజర్ అంటే కాలుసుడేనట గదా. బీడీల కాడ అందరు గదే అంటున్నరు. ఉన్న ఒక్క కన్ను గూడ పోతే? ఏండ్ల సంది రాని మనిషి అస్తుండు చెల్లె. ఆయనను ఒక్కసారి కండ్లనిండ సూసుకుంట. అటెన్క మీరేం జేసినా సరే."

మందు బలం కొన్ని వారాలే, వాపు మళ్లీ వస్తుందని నచ్చజెప్పాను. వినలేదు. చూపును దాచుకోవచ్చనుకుంది పిచ్చితల్లి. నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

రాజన్న సెలవు వాయిదా పడింది. అతను దిగేసరికి సకల జనుల సమ్మె మొదలైంది, ఆమె చూపూ మళ్లీ మసకేసింది. ఎవరిదో బండి అడిగి ఎక్కించుకొని వచ్చాడు. దారిలో వంటా వార్పు వాళ్లు, కంటి పేషెంటని తెలిసి దారి వదలడమే కాక, అన్నం తినిపించి మరీ పంపారట. తీరా వస్తే డాక్టరు గారి కారు ఆ వారం హైదరాబాదు దాటలేదు.

భూమక్క గోడవైపు ముఖం పెట్టి బెంచీ మీద కూర్చుంది. రాజన్న నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు. "అచ్చిన కాన్నుంచి నా దిక్కు సూస్తలేదు సిస్టర్. ఇన్నేండ్లు రాలేదని కోపమా?"

"కోపం కాదన్నా. సక్కగ సూస్తే నీ మొఖం మాయమైతది. పక్కకు సూస్తేనే నువ్వు అంచుల కనవడ్తవు. అక్క నిన్నే సూస్తున్నది" అన్నాను.

అతను పోయి ఆ గోడకూ ఆమెకూ మధ్య కూర్చున్నాడు. ఆమె వెంటనే ముఖం నా వైపు తిప్పుకుంది. ఈసారి అతను నొచ్చుకోలేదు.

మరుసటి వారం డాక్టరు గారు రాగలిగారు. మళ్లీ ఇంజక్షన్ ఇచ్చారు, వాపు కొంత దిగాక లేజర్ చేశారు. దాని ఫలితం నెమ్మది మీద తెలుస్తుంది. రాజన్న సెలవు అంతకాలం ఆగలేదు.

చలికాలంలో ఆమె ఒక్కతే చెకప్‌కి వచ్చింది. చార్టులో కింది వరసల దాకా చదివింది. నేను సంబరపడుతుంటే, నా ముఖంలోకి సూటిగా చూసింది.

"గిప్పుడు మంచిగ కనవడ్తది చెల్లె. సూసుకుందామంటే ఆయన లేడు."

ఆమె కంట్లో చుక్కలు వేశాను. లేజర్ అంటే ఏమిటో పేషెంటు అడగకముందే విప్పి చెప్పడం ఆ ఏడాదే అలవాటు చేసుకున్నాను. తేదీ ఇచ్చేముందు ఇంకో ప్రశ్న కూడా అడుగుతాను. కొత్తగా చేరిన నర్సులు ఇదెందుకని నవ్వుతుంటారు.

"ఇంటికి ఎవరన్నా వచ్చేదుందా?"